సాక్సోఫోన్ మీద పరిశోధన: రచనలా, వాయించే తీరా, మెళకువలా? ఏ టాపిక్ ఎవరికి పనికొస్తుంది

సాక్సోఫోన్ మీద పీహెచ్‌డీ చేద్దామనుకునేవాళ్లు మొదట రాసుకొచ్చే టాపిక్ దాదాపు ఒకేలా ఉంటుంది: "సాక్సోఫోన్ పుట్టుక, పరిణామం, కర్ణాటక సంగీతంలో దాని స్థానం". దాని మీద మూడొందల పేజీలు రాసెయ్యొచ్చు, వైవా కూడా గట్టెక్కొచ్చు. చదివినవాళ్లకు మాత్రం కొత్తగా తెలిసేదేమీ ఉండదు. 1846లో అడాల్ఫ్ సాక్స్ పేటెంటు తీసుకున్నాడని, కద్రి గోపాలనాథ్ మైసూరు ప్యాలెస్ బ్యాండులో ఈ వాద్యాన్ని చూసి ముచ్చటపడ్డారని మళ్లీ మనం చెప్పాలా?

టాపిక్ ఎంచుకునేటప్పుడు నేను చూడమనేవి రెండే. మీ ప్రశ్నకు జవాబు ఇవ్వగల ఆధారం ఎక్కడుంది, అది మీ చేతికి అందుతుందా? అందితే, దాన్ని మీ వాద్యం మీద మీరే వాయించి సరిచూసుకోగలరా? ఈ రెండింటికీ అవునన్న జవాబు వస్తే మిగతావి సర్దుకుంటాయి. ఇప్పుడున్న దారుల్ని ఈ లెక్కనే పోల్చి చూస్తాను. అన్నింటికీ సమానంగా జాగా ఇవ్వను. కొన్నింటి గురించి చెప్పాల్సింది కొంచెమే.

పాశ్చాత్య రచనల మీద పని

పాశ్చాత్య శాస్త్రీయ సంగీతంలో సాక్సోఫోన్‌ది విచిత్రమైన పరిస్థితి. అడాల్ఫ్ సాక్స్ స్వయంగా పారిస్ కన్సర్వేటరీలో 1857 నుంచి 1870 దాకా పాఠం చెప్పాడు. ఆ తర్వాత తరగతి మూతపడింది. మళ్లీ తెరిచింది 1942లో, మార్సెల్ మ్యూల్ చేతుల మీద. డెబ్బై ఏళ్ల పైచిలుకు ఖాళీ. వయొలిన్‌కూ పియానోకూ గొప్ప రచనలు కుప్పలుగా వస్తున్న కాలంలో ఈ వాద్యానికి పెద్ద బడిలో పీటే లేదు. అందుకే సాక్సోఫోన్ రచనల జాబితాలో బ్రామ్స్ లాంటివాడు లేడు. ఉన్నవాటిలో చాలా భాగం ఎవరో ఒక వాద్యకారుడు పట్టుబట్టి రాయించుకున్నవే.

అలా పట్టుబట్టినవాళ్లలో బోస్టన్‌కు చెందిన ఎలీజ్ హాల్ కథ పరిశోధకులకు ఎంతో ఇష్టం. వినికిడి తగ్గుతున్న దశలో సాక్సోఫోన్ చేతబట్టిన సంపన్న మహిళ. ఫ్రెంచి స్వరకర్తలకు డబ్బిచ్చి రచనలు చేయించుకుంది. డెబ్యుసీకీ అడ్వాన్సు ఇచ్చింది. ఆయన ఏళ్ల తరబడి నాన్చాడు. చివరికి 1918లో ఆయన పోయాక రోజే-డ్యుకాస్ వాద్యబృందానికి అమర్చి పూర్తిచేస్తే, ఆ రాప్సొడీ 1919లో వేదికెక్కింది.

మంచి కథే. కాని దాని మీద పని చేయాలంటే ఉత్తరాలు, చేతిరాత ప్రతులు, ఫ్రెంచి భాష కావాలి. అవన్నీ పారిస్‌లోనో బోస్టన్‌లోనో ఉంటాయి. గ్లాజునోవ్ కన్చెర్టో (1934), ఇబెర్ కన్చెర్టీనో (1935), క్రెస్టన్ సొనాటా (1939), డెనీసోవ్ సొనాటా (1970), వీటి మీద అమెరికా విశ్వవిద్యాలయాల్లో ఇప్పటికే విశ్లేషణలు గుట్టలుగా ఉన్నాయి. మన ఊళ్లో కూర్చుని ఆ గుట్ట మీద ఇంకో కాగితం పెట్టడం వల్ల ఒరిగేదేమిటో నాకు అర్థం కాదు. అమెరికాలోనో ఫ్రాన్సులోనో సీటు వచ్చి, గైడ్ ఆ రంగంలో ఉన్నవాడైతే లెక్క వేరు. హైదరాబాదులోనో విశాఖలోనో ఉండి చేసేవాళ్లకు ఈ దారిని నేను చెప్పను.

ఒకే రచన, ఇద్దరు వాద్యకారులు

వాయించే తీరు మీద పని కొంచెం మెరుగు, ఎందుకంటే ఇక్కడ ఆధారం రికార్డింగు. దానికి విమానం టికెట్టు అక్కర్లేదు.

ఇందులో పాఠ్యపుస్తకంలా పనికొచ్చే జోడీ మ్యూల్, రాషర్. మార్సెల్ మ్యూల్ 1901లో, జిగుర్డ్ రాషర్ 1907లో పుట్టారు. ఇద్దరూ 2001లోనే పోయారు. శతాబ్దమంతా పక్కపక్కన నడిచినా ఇద్దరి నాదం ఒకటి కాదు. మ్యూల్ డాన్సు బ్యాండుల్లో విన్న వైబ్రాటోను, అంటే స్వరాన్ని సన్నగా ఊపే తీరును, శాస్త్రీయ వాదనంలోకి తెచ్చి ఫ్రెంచి నాదానికి గుర్తుగా నిలబెట్టాడు. రాషర్ మాత్రం అడాల్ఫ్ సాక్స్ కాలంలోలా లోపల విశాలంగా ఉండే మౌత్‌పీసే సరైనదని జీవితమంతా వాదించాడు. వాద్యం మామూలు స్థాయి దాటి పైన పలికే ఆల్టిసిమో స్వరాలను పట్టుబట్టి సాధించాడు. గ్లాజునోవ్, ఇబెర్ రచనలు రెండూ ఆయన కోసం పుట్టినవే. ఇబెర్ రచనలో ఆ పై స్వరాలు ఉన్నాయి, అవి అందనివాళ్లకు కింది స్థాయిలో ఇంకో దారీ ఉంది. ఎవరు ఏ దారిలో వెళ్లారు, వైబ్రాటో ఎంత వేగం, ఏ పదబంధం దగ్గర లయ సాగదీశారు? ఇవన్నీ కొలవగలిగిన ప్రశ్నలు.

లండన్ క్వీన్ మేరీ విశ్వవిద్యాలయంలో తయారైన సోనిక్ విజువలైజర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. రికార్డింగు దాంట్లో వేస్తే స్వరం ఎలా ఊగిందో గీతగా కళ్ల ముందు కనిపిస్తుంది. మామూలు లాప్‌టాప్ చాలు. చిక్కేమిటంటే, కొలిచినంత మాత్రాన పరిశోధన అయిపోదు. "మ్యూల్ వైబ్రాటో వేగం, రాషర్‌ది నెమ్మది" అని పట్టిక వేస్తే, "అయితే ఏమిటి?" అని వైవాలో అడుగుతారు. దానికి జవాబు లేకుండా ఈ దారి పట్టకండి.

గొంతులో ఏం జరుగుతోంది: ధ్వనిశాస్త్రం దారి

సాంకేతిక మెళకువల మీద జరిగిన పరిశోధనల్లో నాకు అన్నిటికన్నా నచ్చేది 2008లో సిడ్నీలోని న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయం వాళ్లది. సాక్సోఫోన్ గురువులు తరతరాలుగా ఒక మాట చెబుతారు: పై స్వరాలు పెదవులతో రావు, గొంతుతో వస్తాయి. శిష్యులు తలూపుతారు. గొంతులో అసలేం చేయాలో మాత్రం ఎవరూ చెప్పలేరు, ఎందుకంటే అది కనిపించదు. సిడ్నీవాళ్లు మౌత్‌పీసులో చిన్న కొలత పరికరం అమర్చి, వాయిస్తుండగానే నోరు, గొంతు లోపలి అనునాదాన్ని (రెజొనెన్స్) కొలిచారు. తేలిందేమిటంటే, మామూలు స్థాయిలో స్వరాలకు అనుగుణంగా గొంతును సర్దాల్సిన పని దాదాపు లేదు. ఆల్టిసిమోలోకి వెళ్లగానే మాత్రం అనుభవజ్ఞులు తమ గొంతు అనునాదాన్ని ఆ స్వరానికి శ్రుతి చేసుకుంటున్నారు. అది చేతకాని కొత్తవాళ్లకు ఆ స్వరాలు పలకలేదు.

గురువు నోటి మాట నిజమేనని పరికరం చెప్పింది. ఇలాంటి పనికి భౌతికశాస్త్రం తెలిసిన తోడు, ప్రయోగశాల, వాయించేవాళ్ల మీద ప్రయోగానికి ఎథిక్స్ కమిటీ అనుమతి కావాలి. ఒంటరిగా సంగీత శాఖలో కూర్చుంటే కుదరదు. ఏ ఐఐటీలోనో ధ్వని మీద పనిచేసే ప్రొఫెసర్ కో-గైడ్‌గా ఒప్పుకుంటే సరే. లేకపోతే ఈ దారిలో అడుగు పెట్టకండి, సగంలో ఆగిపోతారు.

కర్ణాటక సాక్సోఫోన్: మనకు దగ్గరి దారి

నా ఓటు దీనికే, ఒక షరతు మీద. రాగం మీ గొంతులో పలకాలి. పాడలేనివాళ్లు సాక్సోఫోన్ గమకం (స్వరాన్ని ఊపుతూ, జారుస్తూ పలికించడం) మీద రాస్తే అది వేళ్ల పట్టికగా మిగులుతుంది.

1949లో దక్షిణ కన్నడ జిల్లాలో నాగస్వర విద్వాంసుడి ఇంట్లో పుట్టిన కద్రి గోపాలనాథ్, మంగళూరు కళానికేతనలో గోపాలకృష్ణ అయ్యర్ దగ్గర నేర్చుకుని ఆల్టో సాక్సోఫోన్‌ను కర్ణాటక కచేరీ వేదిక మీద కూర్చోబెట్టారు. 1994లో లండన్ బీబీసీ ప్రామ్స్‌లో వాయించారు, 2004లో పద్మశ్రీ వచ్చింది, 2019 అక్టోబరులో కన్నుమూశారు. ఇవాళ మంగళూరు, ఉడుపి వైపు గుళ్లలో, పెళ్లిళ్లలో సాక్సోఫోన్ మంగళవాద్యంగా మోగుతోంది. ఇంతవరకు అందరూ రాస్తారు. ఆయన వాద్యంలో తనకు తగ్గట్టు మార్పులు చేయించుకున్నారన్నదీ అందరూ రాసే మాటే. ఏ మార్పు ఏ గమకానికి సాయపడింది? మార్పు లేని వాద్యం మీద అదే గమకం ఎంతవరకు వస్తుంది? పరిశోధన ఇక్కడ మొదలవ్వాలి.

ఎంత చిన్న ప్రశ్నలో ఎంత సరుకు ఉంటుందో చూపించడానికి ఒకటి విప్పి చెబుతాను: షడ్జమం ఎక్కడ పెట్టుకోవాలి?

ఆల్టో సాక్సోఫోన్ ఇ-ఫ్లాట్ (E♭) వాద్యం. కాగితం మీద ఉన్న సి వాయిస్తే వినిపించేది ఇ-ఫ్లాట్, అంటే మన లెక్కలో రెండున్నర శ్రుతి. కాని నడుమ సి మీద షడ్జమం పెట్టుకుంటే తారస్థాయి మధ్యమం దగ్గరే మామూలు వేళ్లు అయిపోతాయి, తార పంచమం కావాలంటే ఆల్టిసిమోకు పోవాలి. కింది సి మీద పెట్టుకుంటే మంద్రం దాదాపు ఉండదు. మంద్ర పంచమం నుంచి తార పంచమం దాకా హాయిగా అందాలంటే రాతలో ఎఫ్ మీదో జి మీదో పెట్టుకోవడం మేలు. ఎఫ్ అయితే ఐదున్నర శ్రుతి, జి అయితే ఆరున్నర.

ఈ రెంటిలో ఏది? సాక్సోఫోన్ నడుమ ఒక గండి ఉంది. సి షార్ప్‌కు ఒక్క కీ కూడా నొక్కక్కర్లేదు, అన్నీ తెరిచే ఉంటాయి. దాని పక్క స్వరం డి. దానికి రెండు చేతుల ఆరు వేళ్లూ, పైగా స్థాయి మార్చే బొటనవేలి కీ కూడా నొక్కాలి. అర్ధస్వరం దూరానికి వేళ్లన్నీ ఒక్కసారిగా పడాలి. ఆ రెండు స్వరాల నాదమూ వేరు: ఒకటి డొల్లగా, ఒకటి నిండుగా.

ఇప్పుడు షడ్జమాన్ని జి మీద పెట్టి కల్యాణి వాయించండి. ప్రతి మధ్యమం సి షార్ప్, పంచమం డి. కల్యాణికి ప్రాణమైన ఆ మధ్యమం ఊగేది సరిగ్గా గండి మీదే. అదే ఎఫ్ మీద పెడితే మధ్యమం బి, పంచమం సి. చూపుడు వేలి స్వరం, దాని పక్కన మధ్యవేలి స్వరం. కుడిచేతి పక్క కీ వాడితే ఊగించడం ఇంకా సులువు. అయితే ఎఫ్ నయమేనా? భైరవి ఎత్తండి. ఎఫ్ మీద శుద్ధ ధైవతం సి షార్ప్, చతుశ్రుతి ధైవతం డి. రెండు ధైవతాలూ గండికి చెరో గట్టునా పడ్డాయి. దిగేటప్పుడు నిషాదం నుంచి ధైవతానికి వచ్చే జారు గండి దాటి రావాలి. జి మీదైతే భైరవిలో పంచమం నుంచి నిషాదం దాకా అన్నీ గండికి పైనే, ఏ బాధా లేదు.

అంటే కల్యాణికి ఎఫ్, భైరవికి జి. కచేరీలో తంబురా శ్రుతి రాగానికోసారి మారదు కదా! మరి వాద్యకారులు ఏం చేస్తున్నారు? కొందరు ఎడమ అరచేతి పక్కనుండే డి కీతో, బొటనవేలి కీ లేకుండా ఆ స్వరాన్ని లాగుతారు. కొందరు పెదవి వదులు చేసి, వేళ్లు కదపకుండానే స్వరాన్ని దించుతారు. కొందరు ఆ గమకాన్నే సరళం చేసి తప్పుకుంటారు. ఎవరు ఏది ఎంచుకున్నారు, అందువల్ల రాగం రూపం మారిందా? ఈ ఒక్క ప్రశ్న మీద ఒక అధ్యాయం వస్తుంది. దీనికి కావలసినవి మీ వాద్యం, మీ గొంతు, రికార్డింగులు. అంతే.

డెనీసోవ్ లాంటివాళ్ల రచనల కోసం పావు స్వరాల (క్వార్టర్ టోన్) వేళ్ల పట్టికలు పడమటివాళ్లు వేసి పెట్టారు. వాటితో గమకం సాధించొచ్చని ఎవరైనా అంటే నమ్మకండి. ఆ పట్టిక ఒక స్థిరమైన స్వరాన్ని ఇస్తుంది. మన గమకం రెండు స్వరాల మధ్య ప్రయాణం. వేళ్లు, పెదవి, గొంతు మూడూ కలిస్తేనే అది నడుస్తుంది.

నాగస్వరంతో పోల్చాలా, వయొలిన్‌తోనా?

ఈ దారిలోకి వచ్చాక ఇంకో ఎంపిక ఎదురవుతుంది. సాక్సోఫోన్ గమకాన్ని దేనితో పోల్చి కొలవాలి?

నాగస్వరం సహజమైన జోడీ అనిపిస్తుంది. రెండూ ఊపిరి వాద్యాలు, రెండింటికీ రీడ్ ఉంది, తుత్తుకారం (నాలుకతో స్వరాన్ని కొట్టడం) ఉంది. కరవదిలో పుట్టి శ్రీరంగంలో స్థిరపడ్డ షేక్ చినమౌలానా లాంటి తెలుగు విద్వాంసుల రికార్డింగులూ దొరుకుతాయి. కాని నాగస్వరానికి రంధ్రాలు వేళ్ల కింద నేరుగా ఉంటాయి, సగం మూయొచ్చు. సాక్సోఫోన్‌కు వేలికీ రంధ్రానికీ మధ్య కీ, ప్యాడ్ ఉన్నాయి. పైగా ఇద్దరు వాద్యకారులు, రెండు బాణీలు, రెండు కచేరీలు కాబట్టి తేడా వాద్యానిదా మనిషిదా అన్నది తేల్చడం కష్టం.

నేనైతే వయొలిన్ వైపు మొగ్గుతాను. విజయనగరంలో పుట్టిన ఎ. కన్యాకుమారి, కద్రి గోపాలనాథ్ కలిసి వాయించిన సాక్సోఫోన్, వయొలిన్ జుగల్బందీలు ఎన్నో ఉన్నాయి. అదే రాగం, అదే శ్రుతి, అదే వేదిక. ఒక సంచారాన్ని ఒకరు వాయిస్తే వెంటనే రెండోవారు అందుకుంటారు. మెట్లు లేని వయొలిన్ మీద గమకానికి అడ్డే లేదు. అదే సంచారం సాక్సోఫోన్‌లో ఎలా మారిందో పక్కపక్కనే వినొచ్చు. పరిశోధకుడు అడిగి చేయించుకున్నా ఇంతకన్నా మంచి ప్రయోగం కుదరదు.

దీనికి సాధనాలూ ఉన్నాయి. బార్సిలోనాలోని పాంపియు ఫాబ్రా విశ్వవిద్యాలయంలో కర్ణాటక సంగీతం మీద కూడా పనిచేసిన కాంప్‌మ్యూజిక్ ప్రాజెక్టు నడిచింది. అక్కడే పుట్టిన మెలోడియా అనే ప్లగిన్, మృదంగం, తంబురా కలగలిసిన రికార్డింగులోంచి ప్రధాన స్వరరేఖను లాగుతుంది. సోనిక్ విజువలైజర్‌లోనే పనిచేస్తుంది. అయితే రెండు వాద్యాలూ ఒకేసారి మోగేచోట దాన్ని నమ్మొద్దు. ఒక్కరే వాయించే ఆలాపన ముక్కలు ఏరుకోండి, గీత వచ్చాక చెవితో మళ్లీ సరిచూడండి. స్థాయి పొరపాటుపడి పైది కిందగా చూపించడం ఇలాంటి సాఫ్ట్‌వేర్లకు మామూలే.

తెలుగువాళ్లకు ఇక్కడ ఇంకో వెసులుబాటు ఉంది. ఈ కచేరీల్లో మోగే కృతుల్లో చాలా భాగం తెలుగువి. "నిధి చాల సుఖమా రాముని సన్నిధి సేవ సుఖమా" వాయిస్తూ "సన్" దగ్గర ఊపిరి తీసుకుంటే తెలుగు చెవికి వెంటనే గుచ్చుకుంటుంది. నాలుకతో ప్రతి అక్షరాన్నీ కొడుతున్నారా, పదం మొదట్లో మాత్రమే కొట్టి మిగతాది కలిపేస్తున్నారా, ఊపిరి పదం మధ్యలో తెగుతోందా? సాహిత్యం తెలియని పరిశోధకుడికి ఈ ప్రశ్న తట్టనే తట్టదు. తట్టినా తేల్చలేడు.

పెళ్లి బ్యాండు సంగతి

దీన్ని ఎవరూ టాపిక్‌గా తీసుకురారు, అదే నా బాధ. మన ఊళ్లలో సాక్సోఫోన్ చాలామంది మొదట విన్నది పెళ్లి ఊరేగింపు బ్యాండులో. సినిమా పాట విన్న రెండు రోజులకే చెవితో పట్టి వాయించేవాళ్లు వాళ్లు. స్వరాలు రాసుకోరు, సంప్రదాయ శిక్షణ ఉండదు, అయినా ఒక బాణీ ఉంది. దీనికి కాగితం ఆధారాలు లేవు కాబట్టి మనుషుల్ని కలిసి మాట్లాడాలి, రికార్డు చేసుకోవాలి, వాళ్ల అనుమతి తీసుకోవాలి. ఓపికా, వాళ్ల పట్ల గౌరవమూ ఉన్నవాళ్లే చేయండి. పెళ్లిళ్ల సీజన్లో వాళ్లకు తీరిక ఉండదు, ఆషాఢంలో వెళ్లండి.

డిగ్రీ ఏది?

ఇక్కడ ఎక్కువ చెప్పేదేం లేదు. మన దేశంలో పీహెచ్‌డీ అంటే ప్రధానంగా థీసిస్. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం కనీసం 3 ఏళ్లు, గరిష్ఠంగా 6 ఏళ్లు, అందులో కోర్స్‌వర్క్ ఉంటుంది. అమెరికాలో డీఎంఏ (డాక్టర్ ఆఫ్ మ్యూజికల్ ఆర్ట్స్) అనే డిగ్రీలో కచేరీలే ప్రధానం, వాటితో పాటు ఓ పరిశోధన పత్రం. మీ బలం వాయించడమైతే, పాశ్చాత్య బాణీలో గట్టి పునాది ఉంటే డీఎంఏ. కర్ణాటక సాక్సోఫోన్ మీద పనికి మాత్రం ఇక్కడి సంగీత శాఖే నయం. ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనూ, అమ్మాయిలకైతే తిరుపతి పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలోనూ సంగీత శాఖలున్నాయి. గైడ్‌కు సాక్సోఫోన్ తెలియకపోయినా ఫరవాలేదు, గమకం తెలిసినవారై ఉండాలి.

చివరగా, ఎవరికి ఏది

పాడగలిగి, ఆల్టో మీద రాగం కాస్త పట్టుబడినవాళ్లు కర్ణాటక సాక్సోఫోన్‌లో ఒకే ఒక్క సాంకేతిక ప్రశ్న తీసుకోండి. చర్చి బృందంలోనో పాశ్చాత్య బాణీలోనో పెరిగి రాగంతో పరిచయం లేనివాళ్లు రికార్డింగుల పోలికకు వెళ్లండి. ఇంజినీరింగ్ చదివి సాక్స్ వాయించేవాళ్లు ధ్వనిశాస్త్రం వైపు వెళ్లొచ్చు, కో-గైడ్ దొరికాకే. పాత రచనల చరిత్ర ఫ్రెంచి వచ్చి పారిస్‌లో ఉండగలిగేవాళ్లకు వదిలేద్దాం.

సినాప్సిస్ రాయకముందే రెండు పనులు చేయండి. ఇన్‌ఫ్లిబ్‌నెట్ నడిపే శోధ్‌గంగ అనే థీసిస్‌ల వెబ్‌సైటులో ఈ వాద్యం పేరుతో, "గమక", "విండ్ ఇన్‌స్ట్రుమెంట్" అన్న మాటలతో వెతికి, దొరికిన థీసిస్‌ల విషయసూచికలు చదవండి. ఆ తర్వాత మీ ప్రశ్నకు సంబంధించిన ఇరవై సెకన్ల రికార్డింగు ముక్క ఒకటి తీసుకుని, గీత తీసి, స్వరాలు రాసుకుని, మీ వాద్యం మీద వాయించి, దాన్నీ రికార్డు చేసి రెండు గీతలూ పక్కపక్కన పెట్టండి. వారం రోజుల పని. రెంటి మధ్య చెప్పుకోదగ్గ తేడా ఏదో ఒకటి కనిపించి, అది ఎందుకొచ్చిందో మీరు ఊహించగలిగితే ఆ కాగితాలు పట్టుకుని గైడ్ దగ్గరికి వెళ్లండి. ఏమీ కనిపించకపోతే ఆ ముక్క పక్కన పెట్టి ఇంకో రాగం ఎత్తండి.